రెండు వాదరల గొడ్డలి: లాటిన్ నుంచి ఇంగ్లీషుకు రెండు దారులు

వర్జిల్ రచించిన 'ఈనియడ్' కావ్యం రెండవ సర్గలో, ట్రాయ్ నగరం తగలబడుతున్న రాత్రి, అకిలీజ్ కొడుకు పిర్రుస్ ప్రియాము రాజు కోట గుమ్మం మీద విరుచుకుపడతాడు. కంచు తాపడం చేసిన తలుపులను కీళ్ళతో సహా పెకలించిన ఆ ఆయుధాన్ని కవి 'బిపెన్నిస్' అన్నాడు. కామకు ఇరువైపులా వాదర ఉన్న గొడ్డలి అని దాని అర్థం. 1697లో ఈ కావ్యాన్ని ఇంగ్లీషు పద్యంలోకి తెచ్చిన జాన్ డ్రైడెన్ ఆ చోట కేవలం 'యాక్స్' అని సరిపెట్టాడు. నిజానికి ఇంగ్లీషులో ఈ ఆయుధానికి మాటల కరువేమీ లేదు. నిఘంటువుల్లో బిపెన్నిస్ ఉంది, బెసాగ్ ఉంది, ట్విబిల్ ఉంది, లాబ్రిస్ కూడా ఉంది. వీటిలో మొదటి రెండూ లాటిన్ నుంచి వచ్చినవి, మూడవది లాటిన్ మాటకు దూరపు చుట్టం, నాలుగవదానికి లాటిన్‌తో ఏ సంబంధమూ లేదు. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి 'అన్నీ లాటినే' అనో, 'అన్నీ గ్రీకే' అనో రాసేవారు తరచుగా కనిపిస్తారు కాబట్టి, ఏది ఏ దారిన వచ్చిందో విడదీసి చూడడం అవసరం.

ముందుగా బిపెన్నిస్ సంగతి. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిదైన 'బి' విషయంలో వివాదం లేదు. 'రెండుసార్లు' అనే అర్థంలో లాటిన్‌లో వాడే 'బిస్' పూర్వరూపం 'దుయిస్'. పదాది 'దు' తర్వాత అచ్చు వచ్చినప్పుడు ఆ రెండూ కలిసి కాలక్రమంలో 'బ'గా మారిపోయాయి. ఈ మార్పును రోమన్లు స్వయంగా గమనించారు. క్రీ.పూ. 46లో 'ఓరాటోర్' అనే గ్రంథం రాస్తూ సిసెరో, యుద్ధానికి పాతమాటైన 'దుయెల్లుమ్' తర్వాత 'బెల్లుమ్' అయిందనీ, 'దుయిస్' 'బిస్' అయిందనీ పక్కపక్కనే చూపించాడు. కార్తేజ్ వారిని సముద్రం మీద ఓడించిన దుయెల్లియుస్ అనే సేనాని పేరును కూడా ఇదే వరసలో 'బెల్లియుస్' అని పలికారని అతడే చెప్పాడు. సంస్కృతంలోని 'ద్వి'లో, ద్వివేది, ద్విపదల్లో మనం రోజూ పలికే 'ద్వి'లో, పాత ధ్వని చెక్కుచెదరకుండా నిలిచింది. లాటిన్‌లో అదే ధ్వని పెదవుల దగ్గరికి జారి 'బి' అయింది. రెండు కోరల పార 'బిదెన్స్', రెండు తలలున్నది 'బికెప్స్' వంటి మాటలన్నీ ఈ అచ్చులో పోసినవే.

చిక్కంతా రెండవ ముక్కతో వచ్చింది. 'పెన్నా' అంటే లాటిన్‌లో ఈక, రెక్క. కాబట్టి బిపెన్నిస్ అంటే 'రెండు రెక్కలది' అనుకోవడం సహజం. కామ నిట్టనిలువుగా ఉండగా దానికి రెండు పక్కలా విచ్చుకున్న ఇనుప పలకలను చూసినవారికి, రెక్కలు చాచిన పక్షి గుర్తు రాకుండా ఉండదు. రోమన్ ప్రకృతి శాస్త్రకారుడు ప్లినీ ఇదే మాటను విశేషణంగా, రెండే రెక్కలున్న కీటకాలకు వాడాడు. ఇంత తేటగా కనిపిస్తున్న వ్యుత్పత్తిని క్రీ.శ. మొదటి శతాబ్దం చివర వాగ్మితా శాస్త్రం రాసిన క్వింటిలియన్ మాత్రం ఒప్పుకోలేదు. పిల్లలకు వ్యాకరణం నేర్పే గురువు అక్షరాల మార్పులను ఎంత జాగ్రత్తగా గమనించాలో చెప్పే సందర్భంలో ఆయన ఈ గొడ్డలిని ఉదాహరణగా తెచ్చాడు. పూర్వులు పదునైనదాన్ని 'పిన్నుమ్' అనేవారనీ, ఇరువైపులా పదునున్న గొడ్డలికి ఆ మాట నుంచే పేరు వచ్చిందనీ ఆయన వాదం. అది రెండు రెక్కల నుంచి పుట్టిందనుకొని, ఆ లెక్కన పక్షి ఈకలను కూడా 'పిన్నా' అనే పలకాలని పట్టుబట్టేవారి పొరపాటులో పడవద్దని హెచ్చరిక కూడా చేశాడు. ఆ మాటలను బట్టి చూస్తే, 'పెన్నా' అనాలా 'పిన్నా' అనాలా అన్న తగవు ఆయన కాలానికే బడిపంతుళ్ళ మధ్య ముదిరి ఉందన్నమాట.

తగవుకు కారణం లేకపోలేదు. లాటిన్‌లో 'పిన్నా' అనే మాట వేరుగా ఉంది. చేప మొప్పరెక్కను, కోటగోడ మీద పళ్ళవరసలా నిలబెట్టే కొమ్మలను దానితో చెప్పేవారు. ఇంగ్లీషులో శిఖరానికి వాడే 'పినకిల్' ఈ పిన్నా సంతతిదే. ఒకదానికి రెక్క అనే అర్థం ప్రధానం, మరొకదానికి మొనదేలిన అంచు అనే అర్థం ప్రధానం. కానీ రాతప్రతుల్లో ఈ రెండూ విడదీయరానంతగా కలిసిపోయాయి. పక్షి ఈకను పిన్నా అన్నవారూ ఉన్నారు, గొడ్డలిని బిపిన్నిస్ అని రాసినవారూ ఉన్నారు.

ఐదువందల ఏళ్ళు గడిచాక, 636లో మరణించిన సెవిల్ బిషప్ ఇసిడోర్ ఈ తగవును తనదైన పద్ధతిలో తీర్చాడు. తన కాలానికి తెలిసిన విషయాలన్నిటినీ పదాల వ్యుత్పత్తుల ద్వారా వివరించిన ఆయన బృహద్గ్రంథంలో, వడ్రంగి పనిముట్ల అధ్యాయంలో బిపెన్నిస్ కనిపిస్తుంది. ఇరుపక్కలా రెండు రెక్కల్లాగా పదునైన వాదర ఉండడం వల్ల ఆ పేరు వచ్చిందని ఆయన మొదట అంటాడు. వెంటనే, పూర్వులు పదునైనదాన్ని 'పెన్నుమ్' అనేవారని చెబుతాడు. చివరికి, పక్షి ఈకలు మొనదేలి ఉంటాయి కాబట్టే వాటికి పెన్నా అని పేరు వచ్చిందని ముగిస్తాడు. క్వింటిలియన్ కాదన్న రెక్కలను, ఆయన ఔనన్న పదునునూ ఒకే వాక్యంలో రాజీ చేసి, పైగా గొడ్డలి నుంచి పక్షి మీదికి వ్యుత్పత్తిని తిప్పేశాడు. పాండిత్యం కన్నా లౌక్యం ఎక్కువ కనిపించే పరిష్కారం ఇది.

ఆధునిక భాషాశాస్త్రం ఈ విషయంలో క్వింటిలియన్ పక్షాన నిలబడలేదు. 'పిన్నుమ్' అనే విశేషణం వ్యాకర్తలు వ్యుత్పత్తి చెప్పడానికి తెచ్చి చూపిన మాటగానే మిగిలింది. పెన్నా చరిత్ర మాత్రం స్పష్టంగా ఉంది. అతి పాత లాటిన్‌లో దాని రూపం 'పెస్నా' అని ప్రాచీన రోమన్ పండితుడు ఫెస్టుస్ నిఘంటువు నమోదు చేసింది. దాని వెనుక ఉన్నది 'ఎగురు' అనే అర్థం గల 'పెత్' ధాతువు. సంస్కృతంలో 'పత్' ధాతువు అదే. ఎగిరేది పతంగం, ఎగరడానికి సాధనమైన రెక్క పత్రం. పత్రం అంటే మనకు ఇప్పుడు ఆకు, కాగితం, దరఖాస్తు గుర్తుకొస్తాయి గానీ, సంస్కృత కోశాల్లో రెక్క, ఈక కూడా దాని అర్థాలే. ఇంగ్లీషు 'ఫెదర్' కూడా ఆ ధాతువు నుంచే జర్మానిక్ శాఖ ద్వారా వచ్చింది. పక్షి ఈకను చెక్కి రాసుకునే కలానికి 'పెన్' అనే పేరు పెన్నా నుంచి వచ్చింది. ఆ విధంగా చూస్తే ఈ గొడ్డలి పేరులోని బి, పెన్నా అనే రెండు ముక్కలకూ సంస్కృతంలో ద్వి, పత్ర అనే తోబుట్టువులున్నాయి. నేటి నిఘంటువులు బిపెన్నిస్‌ను 'రెండు రెక్కలది' అనే విడదీస్తాయి.

పేరు సంగతి అలా తేలినా, ఆ పేరున్న వస్తువు ఎవరి చేతిలో ఉండేదన్నది వేరే ప్రశ్న. లాటిన్ కవిత్వంలో బిపెన్నిస్ పట్టుకున్నవారిని వరసగా చూస్తే ఒక విషయం తడుతుంది. వారిలో రోమన్ సైనికుడు దాదాపుగా కనిపించడు. ఈనియడ్‌లో అలుపెరగక దాన్ని ఝళిపించేది వోల్స్కియన్ యువతి కమిల్లా. ఓవిడ్ కావ్యంలో 'బిపెన్నిఫెర్', అంటే రెండు వాదరల గొడ్డలి ధరించినవాడు, అనే బిరుదు మద్యదేవతను ఎదిరించిన లైకుర్గుస్‌కూ, కాలిడోన్ అడవిపంది వేటలో తన చావును తానే కొనితెచ్చుకున్న ఆర్కేడియా వీరుడికీ దక్కింది. వారంతా గ్రీకు పురాణాల వారు, లేదా రోమ్‌కు పూర్వపు ఇటలీ వారు. రోమన్ సైన్యం నిజంగా మోసుకెళ్ళింది 'దొలాబ్రా' అనే పనిముట్టు. దానికి ఒకవైపు గొడ్డలి వాదర, రెండోవైపు గునపం లాంటి మొన ఉండేవి. శత్రువును దొలాబ్రాతోనే, అంటే కందకాలు తవ్వి కట్టలు కట్టే పనితోనే, గెలవాలని సేనాని కోర్బులో అనేవాడని ఫ్రాంటినుస్ రాశాడు. ఇక రోమ్ అత్యున్నత అధికారి అయిన కాన్సుల్ ముందు నడిచే పన్నెండుమంది భటులు కర్రల కట్టలో పెట్టుకుని మోసిన గొడ్డలిని 'సెక్యూరిస్' అనేవారు. రోమన్ శిల్పాల్లో అది సాధారణంగా ఒంటి వాదరదే. అయితే ఆ అధికార చిహ్నం రోమ్‌కు ఉత్తరాన ఉండిన ఎట్రుస్కన్ల నుంచి వచ్చిందని రోమన్లు నమ్మేవారు. వారి నగరమైన వెటులోనియాలో, క్రీ.పూ. 7వ శతాబ్దపు సమాధిలో, 19వ శతాబ్దం చివర దొరికిన ఇనుప నమూనాలో మాత్రం కడ్డీల నడుమ ఉన్నది రెండు వాదరల గొడ్డలి.

యుద్ధాన్ని పక్కనపెడితే కవులకు బిపెన్నిస్ చెట్లు కొట్టే పనిముట్టు కూడా. హొరేస్ తన గీతాల నాలుగవ పుస్తకంలో కార్తేజ్ సేనాని హానిబాల్ నోట పలికించిన ఉపమానం వీటన్నిటిలో గొప్పది. దట్టమైన అడవిలో కఠినమైన బిపెన్నిస్‌లు కొమ్మలు నరికేసిన సిందూర వృక్షం లాగా, రోమ్ తనకు కలిగిన నష్టాల నుంచి, హత్యల నుంచి, తనను నరికిన ఆ ఇనుము నుంచే బలాన్నీ ధైర్యాన్నీ పుంజుకుంటోందని ఓడిన శత్రువు వాపోతాడు. ఇక్కడ వాదర ఒకటా రెండా అన్నది ముఖ్యం కాదు. ఛందస్సుకు సరిపోయే గంభీరమైన మాటగా బిపెన్నిస్ వచ్చి కూర్చుంది. ఆ తర్వాత జరిగినదానికంతటికీ బీజం ఇలాంటి వాడుకలోనే ఉంది.

సామ్రాజ్యం కూలిన తర్వాత లాటిన్ రాసినవారికి బిపెన్నిస్ అంటే మంచి కావ్యభాషలో గొడ్డలి, అంతే. 6వ శతాబ్దంలో, నేటి ఫ్రాన్స్‌ను ఏలిన జర్మానిక్ తెగ అయిన ఫ్రాంకుల చరిత్ర రాసిన తూర్ బిషప్ గ్రెగరీ చెప్పిన స్వాసోన్ పాత్ర కథ ఇందుకు మంచి సాక్ష్యం. 486 నాటి యుద్ధంలో దోచుకున్న సొత్తును పంచుకునేటప్పుడు, చర్చికి చెందిన ఒక పెద్ద పాత్రను తన వాటా కన్నా అదనంగా ఇమ్మని రాజు క్లోవిస్ అడిగాడు. అందరూ సరేనన్నా, ఒక సైనికుడు మాత్రం ఒప్పుకోక గొడ్డలెత్తి ఆ పాత్రను కొట్టాడు. అక్కడ గ్రెగరీ వాడిన మాట బిపెన్నిస్. తర్వాత సైనికుల ఆయుధాల తనిఖీలో క్లోవిస్ ఆ మనిషి గొడ్డలిని లాగి నేల మీద పడేసి, దాన్ని తీసుకోవడానికి అతడు వంగినప్పుడు తన గొడ్డలితో తల పగలగొట్టాడు. అక్కడ మాట సెక్యూరిస్. ఒకే కథలో, ఒకే రకం మనుషుల చేతుల్లో ఉన్న ఆయుధానికి రెండు పేర్లు వాడడానికి కారణం శైలిలో వైవిధ్యమే తప్ప ఆయుధాల్లో తేడా కాదు.

తవ్వకాల్లో బయటపడిన ఫ్రాంకుల గొడ్డళ్ళు ఒంటి వాదరవి, వంపు తిరిగి విసరడానికి వీలుగా ఉన్నవి. వాటికి 'ఫ్రాంకిస్కా' అని పేరు. స్పెయిన్ వారు గొడ్డళ్ళను ఫ్రాంకుల వాడుకను బట్టి అలా పిలుస్తారని ఇసిడోర్ కూడా రాశాడు. అయినా పాత గ్రంథాల్లోని బిపెన్నిస్‌ను యథాతథంగా నమ్మినవారి వల్ల, ఫ్రాంకుల ఆయుధం రెండు వాదరలదన్న ఊహ ఫ్రాన్స్‌లో స్థిరపడిపోయింది. ఫ్రెంచి మాట 'ఫ్రాంసిస్క్' రెండు వాదరల గొడ్డలికే పేరైంది. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయిన తర్వాత మార్షల్ పెతాన్ నడిపిన విషీ ప్రభుత్వం ఎంచుకున్న చిహ్నం ఈ ఫ్రాంసిస్కే. మార్షల్ దండమే దానికి కామ, మూడు రంగుల రెండు వాదరలు దానికి రెక్కలు. ప్రాచీన ఫ్రాంకుల ఆయుధంగా భావించి గౌరవించిన ఆ ఆకారాన్ని క్లోవిస్ సైనికుడు చూసి ఉంటే తనదని గుర్తుపట్టేవాడు కాదు.

బిపెన్నిస్ ఇంగ్లీషులోకి వచ్చింది పుస్తకాల గుండా. పండితులు లాటిన్ చదివి, అక్షరం మార్చకుండా తెచ్చిపెట్టుకున్నారు. అందుకే దాని రూపం రెండువేల ఏళ్ళ తర్వాత కూడా నలగలేదు. మనుషుల నోళ్ళలో నలిగి వచ్చిన మాట 'బెసాగ్'. దీని మూలం 'బిస్ అకూటా', అంటే రెండుసార్లు పదునుపెట్టినది. మధ్యయుగ లాటిన్‌లో ఈ రెండూ కలిసి 'బిసకూటా' అనే ఒకే మాటగా కనిపిస్తాయి. క్వింటిలియన్ గొడ్డలి పేరులో చూడాలనుకున్న 'పదును' ఎట్టకేలకు ఇక్కడ నిజంగానే ఉంది. రెక్కల ఊహ పక్కకు తప్పుకుంది.

లాటిన్ అకూటా ఫ్రెంచి వారి నోట ఎలా అరిగిందో చూస్తే బెసాగ్ పుట్టుక స్పష్టమవుతుంది. రెండు అచ్చుల మధ్య చిక్కిన 'క' మెత్తబడి 'గ' అయింది, 'ట' మొదట మెత్తబడి తర్వాత పూర్తిగా మాయమైంది, చివరి 'ఆ' బలహీనపడి ఉచ్చరించీ ఉచ్చరించని అచ్చుగా మిగిలింది. ఆ విధంగా అకూటా 'అగ్యూ' అయింది, బిసకూటా 'బెసగ్యూ' అయింది. ఇంగ్లీషులో చలిజ్వరానికి వాడిన పాతమాట 'ఏగ్యూ' కూడా సరిగ్గా ఈ అరుగుదల నుంచి వచ్చినదే. వైద్యులు తీవ్రమైన జ్వరాన్ని లాటిన్‌లో 'ఫెబ్రిస్ అకూటా' అనేవారు, అందులో ఫెబ్రిస్ రాలిపోయి విశేషణమే రోగం పేరైంది. అంటే మలేరియాతో వణికిపోయే రోగికీ, రెండు వాదరల గొడ్డలికీ ఇంగ్లీషు నిఘంటువులో చుట్టరికం ఉంది. ఆ లాటిన్ విశేషణమే తర్వాత పుస్తకాల దారిన మరోసారి వచ్చి 'అక్యూట్' అయింది. ఒకే లాటిన్ మాట, ఒకసారి నోటి దారిన, ఒకసారి రాత దారిన వచ్చి రెండు వేర్వేరు మాటలుగా నిలవడం ఇంగ్లీషులో మామూలే. మన తత్సమ తద్భవ విభాగం తెలిసినవారికి ఇందులో వింతేమీ ఉండదు.

నార్మన్లు 1066లో ఇంగ్లండును జయించిన తర్వాత వచ్చిపడిన ఫ్రెంచి మాటల వెల్లువలో ఆయుధాలకూ కవచాలకూ చెందినవి చాలా ఉన్నాయి. మధ్య ఇంగ్లీషులో బెసాగ్ రెండు వాదరల గొడ్డలిగా ఉంది. కానీ ఈ మాట వస్తువును అంటిపెట్టుకుని ఉండలేదు. కవచాల పరిభాషలో ఇప్పటికీ బతికున్న 'బెసగ్యూ' అంటే, చంక దగ్గర కవచం అతుకుల్లో కత్తిమొన దూరకుండా భుజం ముందు వేలాడదీసే గుండ్రని పలక. గొడ్డలి పేరు గొడ్డలి నుంచి కాపాడే పలకకు చేరింది. మ్యూజియంలో 15వ శతాబ్దపు కవచం ముందు నిలబడితే, ఛాతీకి పైన రెండు పక్కలా కనిపించే బిళ్ళల్లాంటివి అవే. ఫ్రాన్స్‌లో ఇదే మాట ఇంకోవైపు నడిచింది. అక్కడి వడ్రంగులు పెద్ద దూలాలు చెక్కడానికి వాడే 'బిజెగ్యూ' మనిషి నడుము దాటి ఉండే పొడవాటి ఇనుప పనిముట్టు. దానికి ఒక కొన వెడల్పాటి ఉలి, రెండో కొన బెజ్జాలు తొలిచే సన్నని ఉలి, మధ్యలో పట్టుకోవడానికి పిడి. రెండు చోట్ల పదునున్నదన్న అర్థం అక్కరకు వచ్చింది గానీ, గొడ్డలి ఆకారం పూర్తిగా పోయింది.

ఇంగ్లీషు వారి సొంతమాట ట్విబిల్. నార్మన్ విజయానికి ముందటి పదపట్టికల్లో లాటిన్ బిపెన్నిస్‌కు అర్థంగా ఇదే ఇచ్చారు. 'బిల్' కత్తికీ కొడవలికీ వాడిన జర్మానిక్ మాట. 'ట్వి' మాత్రం లాటిన్ 'బి'కి తోబుట్టువు, బిడ్డ కాదు. మూలభాషలోని 'ద్వి' సంస్కృతంలో అలాగే నిలిచి, లాటిన్‌లో 'బి'గా, జర్మానిక్ శాఖలో 'ట్వి'గా వేరుపడింది. ఈ మాట కూడా చివరికి వడ్రంగి చేతికే చేరింది. పచ్చికర్రలో కంచె తడికల కోసం బెజ్జాలు తొలిచే, ఒక కొన ఉలిలా మరో కొన కొక్కెంలా ఉండే పనిముట్టును ఇంగ్లండు పల్లెల్లో ట్విబిల్ అనేవారు.

ఇక లాబ్రిస్. ఈ రోజుల్లో రెండు వాదరల గొడ్డలి అనగానే ఇంగ్లీషు చదువరికి మొదట తట్టే మాట ఇదే. లాటిన్‌లో పెదవిని 'లాబ్రుమ్' అంటారు కాబట్టి, రెండు వాదరలు రెండు పెదవుల్లా ఉన్నాయన్న ఊహతో దీన్ని కూడా లాటిన్ ఖాతాలో వేసేవారున్నారు. అది నిలవదు. గ్రీకు ప్రశ్నల గురించి రాసిన ప్లూటార్క్, నేటి తుర్కియే పడమటి భాగంలోని ప్రాచీన రాజ్యం లిడియా వారు గొడ్డలిని లాబ్రిస్ అంటారని స్పష్టంగా చెప్పాడు. ఆయన చెప్పిన కథ ప్రకారం అమెజాన్ రాణి హిప్పోలిటా గొడ్డలిని హెరక్లీజ్ తీసుకుని లిడియా రాణి ఓంఫాలేకు ఇచ్చాడు. లిడియా రాజులు తరతరాలుగా దాన్ని ధరించారు. లిడియా రాజు మీద గైజీస్ తిరుగుబాటు చేసిన సమయంలో అది పొరుగునున్న కారియా చేరి, అక్కడి జియస్ విగ్రహం చేతికెక్కింది. నేటి తుర్కియేలోని లాబ్రౌండా ఆలయంలో కొలువైన ఆ దేవుణ్ణి, కారియా పాలకుడు మౌసోలుస్ నాణేల మీద భుజాన రెండు వాదరల గొడ్డలితో ఇప్పటికీ చూడవచ్చు. 1900 నుంచి క్రీట్‌లోని క్నోసోస్‌ను తవ్విన ఆర్థర్ ఎవాన్స్, అక్కడి గోడల మీద పదేపదే కనిపించిన గొడ్డలి గుర్తులను ఈ మాటతో ముడిపెట్టి, లాబిరింత్ అంటే 'లాబ్రిస్‌ల ఇల్లు' అన్న వాదాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. లిడియా మాటను అంతకు ఎన్నో శతాబ్దాల ముందటి క్రీట్‌కు అంటగట్టడం పట్ల భాషావేత్తల్లో చాలామందికి అభ్యంతరాలున్నాయి. ఏమైనా ఆ ప్రచారం వల్లే లాబ్రిస్ ఇంగ్లీషులో స్థిరపడి, 1970ల తర్వాత స్త్రీవాద చిహ్నం పేరుగా కూడా వాడుకలోకి వచ్చింది. సామాన్య గ్రీకులో గొడ్డలి 'పెలెకుస్'. అది మన పరశువుకు బంధువు. పరశురాముడి చేతిలోని మాటా, హోమర్ వీరుల చేతిలోని మాటా ఒకే మూలం నుంచి వచ్చాయనడంలో పెద్దగా సందేహం లేదు. అది ఇండో యూరోపియన్ మూలభాషదా, మరో భాష నుంచి ఇద్దరూ అరువు తెచ్చుకున్నదా అన్న దగ్గరే చర్చ నడుస్తోంది.

గొడ్డలిని నిజంగా వాడిన ఇంగ్లీషు మాట్లాడేవారు మాత్రం ఈ నాలుగు పేర్లలో దేన్నీ ఎత్తుకోలేదు. 19వ శతాబ్దంలో అమెరికా అడవుల్లో దుంగలు కొట్టినవారు రెండు వాదరల గొడ్డలిని 'డబుల్ బిట్' అన్నారు. ఒక వాదరను చెట్టు పడగొట్టడానికి సన్నగా పదునుపెట్టి, రెండోదాన్ని ముడులూ కొమ్మలూ నరకడానికి కాస్త మొద్దుగా ఉంచేవారు. గొడ్డలిని ఏ వైపుకైనా తిప్పి వాడాలి కాబట్టి కామ వంపు లేకుండా తిన్నగా ఉండేది. లాటిన్ బిపెన్నిస్ పురావస్తు వివరణల్లో మిగిలింది. దాని పోలికలున్న 'బైపెన్నేట్' మాత్రం వైద్య విద్యార్థులకు తప్పనిసరి పాఠం. తొడ ముందుభాగంలోని రెక్టస్ ఫెమోరిస్ కండరంలో మధ్యనున్న స్నాయువుకు రెండు వైపుల నుంచీ కండర తంతువులు ఏటవాలుగా వచ్చి అతుక్కుంటాయి. నడుమ ఈనె, ఇరువైపులా పోగులతో ఈకను తలపించే ఆ అమరికకు శరీరశాస్త్రం పెట్టిన పేరు అది. క్వింటిలియన్ ఎంత కాదన్నా, అక్కడ పెన్నాకు ఈక అన్న అర్థమే నిలిచింది.